ట్రయల్ అయితే డబ్బులెందుకు అడుగుతున్నారు?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో వెన్నుపాము దెబ్బలకు జన్యువులు మార్చిన మూలకణాల (స్టెమ్ సెల్స్, అంటే వేరే రకం కణాలుగా మారగలిగే కణాలు) చికిత్స గురించి అర పేజీ కథనం వచ్చింది. చక్రాల కుర్చీలోంచి లేచి నిలబడుతున్న మనిషి బొమ్మ, పైన పెద్దక్షరాల్లో ఇక నడక కల కాదు అని హెడ్డింగు. సాయంత్రానికల్లా ఆ పేజీ ఫొటో మా చుట్టాల గ్రూపులన్నిట్లో తిరిగింది, మా అక్కకు ఒకటే ఫోన్లు, మీ ఆయనకు ఇది చేయించొచ్చు కదా అని. కథనంలో రాసింది అబద్ధమని నేను అనడం లేదు. జపాన్‌లో ప్రయోగం జరిగిన మాట నిజం, ఇద్దరు కొంత కోలుకున్న మాట నిజం. కానీ ఎవరికి చేశారు, దెబ్బ తగిలిన ఎన్నాళ్ళకు చేశారు, ఎంతమందికి చేస్తే ఇద్దరు, మన దేశంలో ఇది దొరుకుతుందా, దొరుకుతుందని ఎవరైనా చెప్తే నమ్మొచ్చా, వీటిలో ఒక్కటీ లేదు. అదే వారం మీ జిల్లా పేజీలో వెన్నుపాము గాయాలకు స్టెమ్ సెల్ చికిత్స, సంప్రదించండి అని ఫోన్ నంబరుతో సహా ప్రకటన ఉంది. మనిషి మంచం మీద ఉన్న ఇంట్లో ఈ రెండింటినీ కలిపే చదువుతారు. కొన్నేళ్ళ కింద మా ఇంట్లో ఇలాగే ఒక కథనం, ఒక ప్రకటన కలిపి చదివారు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను, కాస్త ఓపిగ్గా చదవండి.

మాది యాదాద్రి భువనగిరి జిల్లా. నేను హైస్కూల్లో బయాలజీ చెప్తాను. మా బావ గీత కార్మికుడు. తాటిచెట్టు మీద మోకు జారి పడ్డాడు, వెన్నుపూస విరిగి లోపల వెన్నుపాము నలిగింది, నడుం కింద నుంచి స్పర్శ లేదు, కదలిక లేదు, మూత్రం వస్తున్నదీ లేనిదీ తెలియదు. మా దిక్కు ఊళ్ళలో ఇది కొత్త సంగతేం కాదు. చెట్టు మీద నుంచి పడి గీత కార్మికుడికి గాయాలు అని మీ పత్రికలోనే నాలుగు లైన్ల వార్తలు వస్తుంటాయి. ప్రభుత్వం 2024 జూలైలో కాటమయ్య రక్షణ కవచం పేరుతో సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది, చాలా మంచి పని, మా బావ పడింది మాత్రం అంతకు ముందే. ఆ నాలుగు లైన్ల తర్వాత ఆ మనిషి ఏమయ్యాడో ఎవరూ రాయరు, మళ్ళీ ఆయన పేపర్లో కనిపించేది ఇలాంటి అద్భుత చికిత్స కథనం పక్కన బొమ్మగానే.

ముందు శాస్త్రం సంగతి చెప్తాను, ఎందుకంటే ఇందులో నిజమైన ఆశ ఉంది, దాన్ని తక్కువ చేసి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. చర్మం తెగితే అతుక్కుంటుంది, ఎముక విరిగినా అతుక్కుంటుంది. వెన్నుపాములో తెగిన నరాల పోగులు మాత్రం పెద్దవాళ్ళలో మళ్ళీ పెరిగి కలుసుకోవు. దెబ్బ తగిలిన క్షణంలో కొన్ని కణాలు చస్తాయి, తర్వాత వాపు వల్ల రోజుల తరబడి చుట్టుపక్కల కణాలు కూడా చస్తూ పోతాయి, బతికి ఉన్న పోగుల మీద ఉండే మైలిన్ పొర ఊడిపోతుంది, చివరికి ఆ చోట మచ్చ కడుతుంది. ఆ మచ్చలో ఉండే కొన్ని పదార్థాలు కొత్తగా పెరగబోయే పోగును కూడా అటు రానివ్వవు. మూలకణాలను ఎక్కించాలన్న ఆలోచన ఇక్కడి నుంచే వచ్చింది: పోయిన నాడీ కణాల స్థానంలో కొత్తవి రావాలి, ఊడిపోయిన మైలిన్ మళ్ళీ కట్టాలి, మిగిలిన నరాలు బతకడానికి కావలసిన ప్రొటీన్లు అందాలి.

మరి ఆ కణాల జన్యువులను ఎందుకు మార్చాలి? మామూలు మూలకణాన్ని తీసుకెళ్ళి దెబ్బ తగిలిన చోట పెడితే అది మనం అనుకున్న పనే చేస్తుందని ఏమీ లేదు. ఈ సంగతి అర్థం కావాలంటే స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 2005లో ప్రచురించిన ఎలుకల ప్రయోగం ఒక్కటి చదివితే చాలు. వెన్నుపాము దెబ్బతిన్న ఎలుకలకు నాడీ మూలకణాలు ఎక్కించారు. వెనక కాళ్ళ కదలిక కొంత మెరుగైంది. కానీ ముందు కాళ్ళకు, అంటే దెబ్బకు ఏ సంబంధమూ లేని, బాగున్న కాళ్ళకు, కొత్త జబ్బు వచ్చింది, ఊరికే తాకినా నొప్పితో వెనక్కి లాక్కోవడం మొదలుపెట్టాయి. ఎక్కించిన కణాల్లో చాలావరకు నాడీ కణాలు కాకుండా ఆస్ట్రోసైట్లు అనే వేరే రకంగా మారిపోయాయి, నొప్పిని మోసే పోగులు కొత్తగా మొలిచాయి. అప్పుడు వాళ్ళు అవే మూలకణాల్లోకి న్యూరోజెనిన్-2 అనే జన్యువు పెట్టి, అవి ఆస్ట్రోసైట్లుగా మారకుండా ఆపి, మళ్ళీ ఎక్కించి చూశారు. ముందు కాళ్ళ నొప్పి రాలేదు, వెనక కాళ్ళ కదలిక ఇంకా మెరుగైంది. జన్యువు మార్చడం ఎందుకో ఇంతకన్నా బాగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు. నేను ఇది చదివినప్పుడు మా బావ చేతులే గుర్తొచ్చాయి. ఆయనకు మిగిలినవి ఆ రెండు చేతులు. వాటితోనే మంచం మీద నుంచి కుర్చీలోకి జరుగుతాడు, వాటితోనే తాటాకు బుట్టలు అల్లుతాడు. ఏ కణాలో ఏ డోసో తెలియకుండా ఎవరో వెన్నులోకి సూది పొడిస్తే ఆ చేతులకు ఏమవుతుందన్న ప్రశ్న ఆ ప్రకటన చదివేవాళ్ళకు తట్టదు, తట్టేలా మీరు రాయాలి.

జన్యువులు మార్చే పద్ధతులు ఇంకా ఉన్నాయి. మచ్చలోని అడ్డంకి పదార్థాలను కరిగించే ఎంజైమును కణాలే తయారుచేసేలా మార్చి టొరంటోలో మైకేల్ ఫెలింగ్స్ బృందం ఎలుకల్లో పరీక్షించింది. కణాలు అదుపు తప్పి పెరిగితే ఒక మందు ఇచ్చి వాటిని చంపేయడానికి వీలుగా ముందే ఒక స్విచ్ లాంటి జన్యువు పెట్టే పద్ధతి మీద కూడా పని నడుస్తోంది. మనుషుల్లో జరిగినదాన్ని చెప్పాలంటే, అమెరికాలో సెడార్స్-సినాయ్ ఆసుపత్రి వాళ్ళు జీడీఎన్ఎఫ్ అనే ప్రొటీను తయారుచేసేలా జన్యువు పెట్టిన నాడీ కణాలను 18 మంది రోగుల వెన్నుపాములోకి ఎక్కించి, ఫలితాలను 2022లో ప్రచురించారు. అయితే అది దెబ్బ తగిలినవాళ్ళ మీద కాదు, ఏఎల్ఎస్ అనే నరాల జబ్బు ఉన్నవాళ్ళ మీద. జబ్బు సాధారణంగా రెండు కాళ్ళలోనూ ఇంచుమించు ఒకేలా ముదురుతుంది కాబట్టి ఒక పక్కే ఎక్కించి రెండో పక్కతో పోల్చి చూశారు, ఎంత నిజాయితీగా వేసిన ప్లానో చూడండి. కణాలు ఏళ్ళ తరబడి బతికి ఆ ప్రొటీను తయారుచేస్తూనే ఉన్నాయి. జబ్బు మాత్రం ఆగలేదు. ఆ ట్రయల్ చేసింది ప్రధానంగా ఇది ప్రమాదం లేకుండా చేయొచ్చా లేదా అన్నది చూడటానికే, ఆ సంగతి వాళ్ళే స్పష్టంగా చెప్పారు.

జన్యువు మార్చిన మూలకణాలు ఇప్పటికే మందుగా మారిన చోటు కూడా ఒకటి ఉంది. సికిల్ సెల్ అనే రక్త జబ్బుకు రోగి సొంత రక్త మూలకణాలను తీసి, జన్యువును ఎడిట్ చేసి, తిరిగి ఎక్కించే చికిత్సకు 2023 చివర్లో బ్రిటన్, అమెరికా అనుమతి ఇచ్చాయి. దాన్ని చూపించి వెన్నుపాముకు కూడా రేపో మాపో అని రాసేస్తున్నారు. రక్తంలోకి ఎక్కించిన మూలకణం తనంతట తానే ఎముక మజ్జలోకి చేరి పని మొదలుపెడుతుంది, వెన్నుపాములో అలా కుదరదు, కొత్త కణం సరైన నరంతో సరైన చోట కలవాలి, లేకపోతే ఆ ఎలుకల ముందు కాళ్ళకు అయినట్టు అవుతుంది.

ఇప్పుడు మీరు రాసిన జపాన్ ప్రయోగానికి వస్తాను. క్యోటోలో షిన్యా యమనాకా అనే శాస్త్రవేత్త 2006లో ఎలుక చర్మ కణాల్లోకి నాలుగు జన్యువులను పంపి వాటిని పిండ కణాల్లాంటి స్థితికి వెనక్కి తీసుకెళ్ళాడు, 2007లో మనిషి కణాలతో చేశాడు, 2012లో నోబెల్ వచ్చింది. వీటినే ఐపీఎస్ కణాలంటారు. టోక్యోలోని కెయో యూనివర్సిటీలో హిదెయుకి ఒకానో, మసాయా నకమురా బృందం ఈ కణాలనుంచి నాడీ కణాల ముందు దశ కణాలను తయారుచేసి వెన్నుపాములో పెట్టాలని ఏళ్ళ తరబడి పనిచేసింది. మధ్యలో వాళ్ళకు గట్టి దెబ్బే తగిలింది. ఎలుకల్లో మొదట నడక మెరుగైంది, కొన్నాళ్ళకు ఎక్కించిన కణాలే గడ్డలుగా పెరిగి ఆ మెరుగుదల కాస్తా పోయింది. ఆ సంగతిని దాచకుండా 2015లో వాళ్ళే ప్రచురించారు. తర్వాత కణాలను ఎక్కించే ముందు ఒక మందుతో వాటి విభజన ఆపే పద్ధతి కనిపెట్టి, అది పనిచేస్తుందని చూపించి, అప్పుడు మనుషుల దాకా వచ్చారు. మొదటి మనిషికి 2021 డిసెంబరులో ఎక్కించారు. మొత్తం నలుగురు. ఒక్కొక్కరికి సుమారు 20 లక్షల కణాలు. నలుగురూ దెబ్బ తగిలిన రెండు నుంచి నాలుగు వారాల లోపు వాళ్ళు. 2025 మార్చిలో ఫలితం ప్రకటించారు: పెద్ద ప్రమాదమేమీ జరగలేదు, ఇద్దరిలో కదలిక వచ్చింది, అందులో ఒకరు నిలబడి నడక ప్రాక్టీసు చేసే దాకా వచ్చారు, మిగతా ఇద్దరిలో చెప్పుకోదగ్గ మార్పు లేదు.

రెండు నుంచి నాలుగు వారాల లోపు! మీ కథనంలో ఈ ఒక్క ముక్క ఉండి ఉంటే మా అక్కకు ఆ రోజు అన్ని ఫోన్లు వచ్చేవి కావు. మచ్చ గట్టిపడి ఏళ్ళయిన వెన్నుపాము వేరే సమస్య, దాని మీద కూడా పని జరుగుతోంది, కానీ ఈ ఫలితం దానికి చెందింది కాదు. రెండోది, దెబ్బ తగిలిన మొదటి నెలల్లో ఏ కణాలూ ఎక్కించకపోయినా కొంతమందిలో కొంత కదలిక, కొంత స్పర్శ దానంతట అదే వస్తుంది. మా బావ పక్క మంచం మీద ఉన్న కుర్రాడికి, బైకు మీద నుంచి పడినవాడు, ఆపరేషన్ అయ్యాక ఫిజియోథెరపీ తప్ప ఇంకేమీ లేకుండానే కాలి బొటనవేలు కదిలింది, తర్వాత వాకర్ పట్టుకుని నడిచాడు కూడా. అందుకే నలుగురిలో ఇద్దరన్నప్పుడు ఇది కణాల వల్లా, సహజంగా వచ్చిందా అన్నది తేలాలంటే ఇంకా చాలామంది మీద, పోల్చి చూసుకునే ఇంకో గుంపుతో చేయాలి. ఇదే కారణం మీద జపాన్‌లో ఇంకో చికిత్స పెద్ద గొడవకు దారితీసింది. 2018 డిసెంబరులో స్టెమిరాక్ అనే మూలకణ చికిత్సకు అక్కడి ప్రభుత్వం 13 మంది మీద చేసిన చిన్న అధ్యయనంతోనే షరతులతో అనుమతి ఇచ్చింది, ధర కోటిన్నర యెన్లు, పోల్చుకోవడానికి వేరే గుంపే లేదు. తొందరపడ్డారని నేచర్ అనే శాస్త్ర పత్రిక విమర్శించింది. అక్కడ కనీసం విమర్శించేవాళ్ళ మాటా పేపర్లలో వస్తుంది.

అమెరికాలో జెరాన్ కంపెనీ కథ కూడా మీ పాఠకులకు తెలియాలి. పిండ మూలకణాల నుంచి తయారైన కణాలను వెన్నుపాము దెబ్బలకు పరీక్షించడానికి ప్రపంచంలోనే మొదటి అనుమతి 2009 జనవరిలో వాళ్ళకు వచ్చింది, మొదటి రోగికి 2010 అక్టోబరులో అట్లాంటాలో ఎక్కించారు, 2011 నవంబరులో డబ్బు వేరే చోట పెట్టుకోవాలని కంపెనీ ఆపేసింది. కణాల వల్ల ఏదో జరిగి ఆగిపోయింది కాదు. తర్వాత ఇంకో కంపెనీ ఆ పనిని అందుకుని కొనసాగించింది. కొన్నేళ్ళలో వచ్చేస్తుందని రాసే ప్రతి విలేకరీ ఆ 2009 నాటి వార్తలు ఒకసారి తిరగేయాలి, అప్పుడూ ఇవే మాటలు రాశారు.

ఇక మా ఇంటి సంగతి. అప్పట్లో వచ్చిన ప్రకటన చూసి మా అక్క, పెద్దనాన్న కలిసి బావను సిటీలో ఒక క్లినిక్‌కి తీసుకెళ్ళారు. ఏసీ రూము, గోడ మీద పెద్ద టీవీ, అందులో విదేశీ ఎలుక నడుస్తున్న వీడియో, తర్వాత ఒకాయన కర్ర పట్టుకుని నడుస్తున్న వీడియో. కౌన్సెలర్ అనే అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. చూడండమ్మా, జపాన్‌లో చేసేది ఇదే, ఇక్కడైతే మీ ఆయన సొంత కణాలే కాబట్టి సైడ్ ఎఫెక్ట్ ఉండదు, ఇది రీసెర్చ్ కిందికి వస్తుంది కాబట్టి మీకు తక్కువలో చేస్తున్నాం అంది. మా అక్క అరెకరం అమ్మింది. తుంటి ఎముకలోంచి మజ్జ తీశారు, మిషన్లో తిప్పారు, నడుం దగ్గర సూదితో వెన్నులోకి ఎక్కించారు, కొన్ని వారాల తేడాతో ఇంకో రెండుసార్లు రమ్మన్నారు, ప్రతిసారీ డబ్బు కట్టించుకున్నారు. జ్వరం వచ్చింది, తగ్గింది. కాళ్ళు వేడిగా అనిపిస్తున్నాయి అని బావ కొన్నాళ్ళు అన్నాడు, ఆ తర్వాత ఆ మాట ఎత్తడం మానేశాడు.

ఆ డిశ్చార్జి కాగితం నా దగ్గర ఉంది. అందులో మత్తు మందు పేరు ఉంది, యాంటీబయాటిక్ ఎన్ని మిల్లీగ్రాములో ఉంది, డ్రెస్సింగ్ ఎప్పుడు మార్చాలో ఉంది. ఎక్కించింది ఏ రకం కణాలు, ఎన్ని, వాటిని ఎక్కడ పరీక్షించారు అన్నది ఎక్కడా లేదు. స్టెమ్ సెల్ థెరపీ డన్ అని ఒక్క లైను, దాని పక్కన టిక్కు. లక్షలు తీసుకున్నది ఆ ఒక్క లైనుకే. కెయో వాళ్ళు 20 లక్షల కణాలని లెక్క చెప్పారు, అవి ఎవరి రక్తం నుంచి తయారైన కణాలో, ఎలా పరీక్షించారో చెప్పారు. క్లినిక్ చేసింది వాళ్ళు చేసింది కాదు, దాని దగ్గరిది కూడా కాదు. మజ్జలోంచి తీసి వెంటనే ఎక్కించిన దాంట్లో ఏ జన్యువూ మార్చలేదు, నాడీ కణాలూ తయారుచేయలేదు. పేపర్లో రాసేది ఒక చికిత్స, బయట అమ్ముతున్నది ఇంకోటి. మొదటిదానికి మీరు ఇచ్చే ప్రచారంతో రెండోవాళ్ళ వ్యాపారం నడుస్తోంది.

సొంత కణాలే కదా ఏమవుతుంది అనేవాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. అమెరికాకు చెందిన ఒక యువతికి 18 ఏళ్ళప్పుడు వెన్నుపాము దెబ్బతింటే, మూడేళ్ళ తర్వాత పోర్చుగల్‌లో ఆమె ముక్కులోంచే కణజాలం తీసి వెన్నుపాములో పెట్టారు, అందులో మూలకణాలు ఉంటాయని. మేలు జరగలేదు. ఎనిమిదేళ్ళు పోయాక వెన్ను నొప్పి మొదలై స్కాన్ తీస్తే అక్కడ గడ్డ ఉంది. ఆపరేషన్ చేసి తీస్తే అందులో ముక్కు పొరలో ఉండే కణాలే, చీమిడి లాంటి ద్రవం ఊరుతూ వెన్నుపాముని నొక్కుతోంది. 2014లో వైద్య పత్రికలో ప్రచురించారు ఇది. అవి కూడా సొంత కణాలే. అది పైగా పేరున్న డాక్టర్లు పద్ధతిగా చేసిన ప్రయోగం, అందుకే ఎనిమిదేళ్ళ తర్వాత కూడా ఏం జరిగిందో లోకానికి తెలిసింది. మా బావకు ఎక్కించిన క్లినిక్ ఆ తర్వాత ఒక్కసారి కూడా ఫోన్ చేసి ఎలా ఉన్నాడని అడగలేదు. ఇంకో ఆఫర్ ఉందని మాత్రం మెసేజ్ వచ్చింది.

మన దేశంలో రూలు లేదా అంటే ఉంది, చాలా స్పష్టంగా ఉంది. ఐసీఎంఆర్ (కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్త సంబంధ జబ్బులకు చేసే రక్త మూలకణ మార్పిడి తప్ప మిగతా ఏ జబ్బుకైనా మూలకణాలు వాడటం మామూలు చికిత్స కింద రాదు, అనుమతి తీసుకున్న క్లినికల్ ట్రయల్లో మాత్రమే వాడాలి. 2019లో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల్లో మూలకణాల నుంచి తయారైన ఉత్పత్తుల్ని, జన్యు చికిత్స ఉత్పత్తుల్ని ఎప్పటికీ కొత్త మందుగానే లెక్కపెట్టారు, అంటే కేంద్ర అనుమతి లేకుండా వాటిని అమ్మడం కుదరదు. ట్రయల్లో చేరిన రోగి దగ్గర చికిత్సకు డబ్బు తీసుకోకూడదు. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి. ప్రతి ట్రయలూ సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదై ఉండాలి, ఫోన్లో ఇంటర్నెట్ ఉన్న ఎవరైనా పైసా ఖర్చు లేకుండా అందులో వెతికి చూసుకోవచ్చు, ఏ ఆసుపత్రి, ఎవరు డాక్టరు, ఎలాంటి రోగుల్ని తీసుకుంటారు అన్నీ ఉంటాయి. కాబట్టి క్లినిక్ వాళ్ళు ఇది రీసెర్చ్ అంటే డబ్బు అడగకూడదు, డబ్బు అడిగారంటే అది రీసెర్చ్ కాదు. ఈ ఒక్క వాక్యం అప్పట్లో ఏ తెలుగు పేపర్లో అయినా మా అక్క చదివి ఉంటే ఆ అరెకరం ఇవాళ మా వాళ్ళ పేరు మీదే ఉండేది. ఆమె రోజూ పేపర్ చదువుతుంది, పదో తరగతి దాకా చదువుకుంది, ఇంట్లో ఖర్చులన్నీ నోటు బుక్కులో రాసుకునే మనిషి. తెలివి తక్కువై మోసపోయింది కాదు, చదివిన చోట్లేవీ ఆమెకు ఈ సంగతి చెప్పలేదు.

మూలకణాల పేరెత్తితే మోసమే అని కూడా రాయకండి, అది ఇంకో అన్యాయం. హైదరాబాద్‌లోనే ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో, రసాయనాలు పడి కంటి ఉపరితలం కాలిపోయినవాళ్ళకు, బాగున్న కంటి అంచులోంచి మూలకణాలు తీసి మార్పిడి చేసే పని ఇరవై ఏళ్ళకు పైగా జరుగుతోంది, సున్నం పడి చూపు పోయిన పిల్లలకు కూడా చూపు వచ్చింది. ఆ పద్ధతిని ప్రపంచం నేర్చుకుంటోంది. ఏళ్ళ తరబడి రోగుల్ని మళ్ళీ మళ్ళీ పరీక్షించి, ఎవరికి పనిచేసింది, ఎవరికి చేయలేదు అని లెక్కలు బయటపెట్టారు కాబట్టే ఆ నమ్మకం వచ్చింది. జన్యువులు మార్చిన కణాలు వెన్నుపాముకు కూడా ఆ స్థాయికి రావాలని ఈ రాష్ట్రంలో మా ఇంటివాళ్ళకన్నా ఎక్కువ కోరుకునేవాళ్ళు ఎవరుంటారు?

వచ్చేదాకా ఏం చేయాలన్నది కూడా మీ పేజీల్లో కనిపించదు, నాకు బాగా కోపం వచ్చేది ఇక్కడే. వెన్నుపాము దెబ్బతిన్న మనిషిని మన దగ్గర చాలాసార్లు చంపేది కదలలేకపోవడం కాదు, పడక పుండ్లు, యూరిన్ ఇన్ఫెక్షన్లు. మా అక్క రాత్రి ఫోన్లో అలారం పెట్టుకుని రెండు గంటలకోసారి లేచి బావను పక్కకు తిప్పేది. మడమల కింద, నడుం కింద, తుంటి దగ్గర చర్మం ఎర్రబడిందా అని రోజూ టార్చ్ వేసి చూస్తుంది, ఎర్రబడిన చోట వేలితో నొక్కితే తెల్లగా మారి మళ్ళీ ఎర్రగా వస్తే పర్వాలేదు, తెల్లబడకుండా అలాగే ఉంటే ఆ రోజు ఆ పక్కకు పడుకోబెట్టదు. ఇది ఆమెకు ఎవరు నేర్పారో తెలుసా, వెల్లూరు సీఎంసీ రిహాబ్ వార్డులో ఒక నర్సు. తానే యాక్సిడెంట్లో వెన్నుపాము దెబ్బతిని కాళ్ళు చచ్చుబడి చక్రాల కుర్చీలోంచే సర్జరీలు చేసిన డాక్టర్ మేరీ వర్గీస్ 1966లో అక్కడ మొదలుపెట్టిన రిహాబ్ పని ఇది. మూత్రానికి పర్మనెంట్ పైపు పెట్టి వదిలేయకుండా, కొన్ని గంటలకోసారి శుభ్రంగా కాథెటర్ వేసుకుని ఖాళీ చేసి తీసేయడం కూడా బావకు అక్కడే నేర్పారు. అంతకు ముందు నెలకోసారి చలిజ్వరం వచ్చేది. ఇప్పుడు దాదాపు లేదు. కణాలు లేవు, జన్యువులు లేవు, నేర్పే మనిషి ఉంటే చాలు. దీనికోసం భువనగిరి నుంచి వెల్లూరు పోవాల్సి వచ్చింది, మన జిల్లా ఆసుపత్రిలో ఈ పని నేర్పేవాళ్ళు మాకు దొరకలేదు.

ఇంకోటి. రేపు ఈ చికిత్స నిజంగానే వచ్చినా, కీళ్ళు బిగుసుకుపోయి, కండలు కరిగి, తుంటి దగ్గర ఎముక దాకా పుండు పడిన మనిషికి అది ఎక్కించినా లాభం ఉండదు. ఆ రోజు దాకా ఒంటిని కాపాడుకున్నవాళ్ళకే అది పనికొస్తుంది. క్లినిక్ చుట్టూ తిరిగిన ఆ నెలల్లో మా బావ ఫిజియోథెరపీ పూర్తిగా ఆగిపోయింది, ఎలాగూ కణాలతో లేస్తాడు కదా అని వాళ్ళే అన్నారు, ఆ నెలల్లోనే మొదటి పుండు పడింది. పోయిన డబ్బు కన్నా అది పెద్ద నష్టం. పింఛను సంగతి కూడా రాయండి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకు నెలకు 15,000 రూపాయలు ఇస్తున్నారు. మా బావకు సదరం సర్టిఫికెట్ ఉండి కూడా వచ్చేది 4,016. డైపర్లు, కాథెటర్లు, జెల్లీ, గాజుగుడ్డ, వీటికే అది చాలదు. ఇద్దరు ముఖ్యమంత్రుల్ని పోల్చడానికి రాయడం లేదు, ఏ పార్టీ వాళ్ళు చదివినా పర్వాలేదు, మంచం మీద ఉన్న మనిషి ఖర్చు రాష్ట్రం మారితే తగ్గదు కదా.

కాబట్టి నేను అడిగేది ఇది. మూలకణాల వార్త వేసినప్పుడల్లా ఎంతమంది మీద చేశారు, దెబ్బ తగిలిన ఎన్నాళ్ళలోపు వాళ్ళ మీద చేశారు, ఎలుకలా మనుషులా, ఇండియాలో ట్రయల్ ఉందా, ఈ నాలుగూ ఆ వార్తలోనే రాయండి, చివర్లో చిన్న అక్షరాల్లో కాకుండా మొదటి పేరాలోనే. కర్ర పట్టుకుని నిలబడిన మనిషి ఫొటో వేస్తే ఆయన ఏ చికిత్స వల్ల, ఎన్నాళ్ళకు నిలబడ్డాడో ఫొటో కిందే రాయండి. ట్రయల్ అంటే ఉచితం అన్న మాట మీ జిల్లా పేజీల్లో బాక్సు కట్టి వేయండి. మీ హెల్త్ పేజీలో ఒక వారం పడక పుండ్ల గురించి, ఒక వారం కాథెటర్ గురించి రాయించండి, రాసే డాక్టర్లు మన దగ్గరే ఉన్నారు, అడిగితే రాస్తారు. గీత కార్మికుల ఊళ్ళకు ఒక విలేకరిని పంపండి, మా మండలంలోనే చెట్టు మీద నుంచి పడి మంచాన ఉన్నవాళ్ళ ఇళ్ళకు నేను స్వయంగా తీసుకెళ్తాను, వాళ్ళలో ఎంతమందిని ఇలాంటి క్లినిక్కులు పిలిచాయో వాళ్ళ నోటితోనే వినొచ్చు.

ప్రకటనల విభాగం వేరు, వార్తల విభాగం వేరు అంటారని నాకు తెలుసు. మా ఇంటికి రెండూ ఒకే పేపర్లో వస్తున్నాయి. పోయిన వారం ప్రకటన ఇచ్చిన వాళ్ళకు మీరే ఒక ఫోన్ చేసి అడగండి: మీ ట్రయల్ సీటీఆర్ఐ నంబరెంత, ఎక్కించేది ఏ కణాలు, ఎన్ని, డబ్బులు ఎందుకు తీసుకుంటున్నారు అని. వాళ్ళు ఏం చెప్తే అది ఉన్నదున్నట్టు అచ్చు వేయండి. జవాబు చెప్పకపోతే చెప్పలేదనే వేయండి. మా డిశ్చార్జి కాగితం జిరాక్సు ఈ ఉత్తరంతో పాటు పంపిస్తున్నాను, మా బావ పేరు కనిపించకుండా కొట్టేశాను, మిగతాదంతా మీరు చూసుకోవచ్చు.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక బయాలజీ టీచరు
యాదాద్రి భువనగిరి జిల్లా